కాఫీ అవర్‌కి ఆగండి

(న్యూజెర్సీలో తెలుగు క్రైస్తవ కుటుంబాల కూడికలో ఒక సోదరి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అయ్యగారికి, పెద్దలకు, తల్లులకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్ళూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. పిల్లలు అటూ ఇటూ తిరిగినా ఫరవాలేదు, తిరగనివ్వండి.

ఎపిస్కోపల్ పారిష్‌లో, అంటే అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘం స్థానిక గుడిలో, సంఘ జీవితం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. ఎందుకు అడిగారో నాకు తెలుసు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు నన్ను అడిగేది ఇదే. "ఆంటీ, మేం సీఎస్ఐ, అంటే దక్షిణ భారత సంఘం వాళ్ళం. ఇక్కడ ఎపిస్కోపల్ చర్చికి వెళ్ళాం. ఆరాధన మన గుడిలో లాగే ఉంది, పుస్తకం కూడా ఇంచుమించు మనదే. కానీ అక్కడ మనవాళ్ళంటూ ఎవరూ లేరు. వెళ్తాం, ప్రభు భోజన సంస్కారం తీసుకుంటాం, వచ్చేస్తాం." అవునా? మీలో ఎంతమంది ఇదే మాట అనుకున్నారు? చేతులెత్తక్కర్లేదు, మొహాలు చూస్తే తెలుస్తోంది.

వెళ్తాం, తీసుకుంటాం, వచ్చేస్తాం. ఈ మూడో మాట గురించే ఇవాళ నేను మాట్లాడేది. ఇన్నేళ్ళుగా ఒకే పారిష్‌లో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. అక్కడ ఎవరైనా మనల్ని నవ్వుతూ పలకరిస్తే మనం సంఘస్థులం అయిపోము. మన చేతికి ఏదైనా పని వచ్చిన రోజున అవుతాం. ఆ పని మనల్ని అడగడం వాళ్ళ బాధ్యత, అడిగితే కాదనకపోవడం మన బాధ్యత. రెండు వైపులా ఉంది.

ముందు ఈ రెండు సంఘాల చుట్టరికం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంగ్లండు సంఘంలో నుంచి పుట్టి, అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చాక సొంతంగా నిలబడ్డది ఎపిస్కోపల్ సంఘం. 1789లో సొంత ప్రార్థన పుస్తకం పెట్టుకున్నారు. ఇప్పుడు వాడేది 1979 నాటిది. బిషప్పులుంటారు కాబట్టి ఎపిస్కోపల్. మన వైపు ఆంగ్లికన్లు, అంటే ఆ ఇంగ్లండు సంఘం వైపువాళ్ళు, 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో మెథడిస్టులతో, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్ళతో కలిసి సీఎస్ఐ అయ్యారు. రెండు సంఘాలకూ ఇప్పుడు పూర్తి సహవాసం ఉంది. అంటే మీరు వాళ్ళ బల్ల దగ్గరకి అతిథులుగా వెళ్ళడం లేదు. మాది ఖమ్మం వైపు, దోర్నకల్ డయాసిస్, అంటే దోర్నకల్ బిషప్పు గారి కింద ఉన్న ప్రాంతం. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య గారి డయాసిస్. జనవరి 2న ఎపిస్కోపల్ సంఘం తన క్యాలెండర్‌లో ఆయన్ని జ్ఞాపకం చేసుకుంటుంది. మన పిల్లలకి ఈ సంగతి చెప్పండి.

ఇక సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకోవడం. మీరు చూసే ఉంటారు, పాప ఒప్పుకోలు అయ్యాక, కానుకల ముందు, అయ్యగారు "ప్రభువు సమాధానం మీకు తోడై ఉండును గాక" అంటారు. అప్పుడు గుడంతా లేచి ఒకరికొకరు చేతులు కలుపుకుంటారు. కొన్ని పారిష్‌లలో ఒక్క నిమిషం. మా పారిష్‌లో అయితే అయిదు నిమిషాలైనా ఆగదు. ఒకరు వాళ్ళ మోకాలి ఆపరేషన్ ఎలా అయిందో చెబుతారు, ఒకరు పిల్లల్ని ముద్దాడతారు. కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు ఏం చేస్తారు? పక్కనున్న భర్తకో భార్యకో చెయ్యి ఇచ్చి, తల వంచుకుని నిలబడతారు. ఇది తెల్లవాళ్ళ పద్ధతి, మనకి అలవాటు లేదు అనుకుంటారు.

అమ్మా, ఇది వాళ్ళ పద్ధతి అనుకోకండి. వినండి. చాలాకాలం ఆంగ్లికన్ ఆరాధనల్లో ఇలా సంఘమంతా సమాధానం పంచుకోవడం లేదు. 1950లో సీఎస్ఐ కొత్తగా ప్రభు భోజన క్రమం తయారు చేసుకున్నప్పుడు, కేరళ సిరియన్ క్రైస్తవులు కాపాడుకుంటూ వచ్చిన ఆచారాన్ని అందులో పెట్టింది. ఎలా ఇవ్వాలో కూడా రాశారు. ఇచ్చేవాళ్ళ కుడి అరచెయ్యి తీసుకునేవాళ్ళ కుడి అరచేతికి ఆనాలి, ఇద్దరూ ఎడమచేతిని అవతలివాళ్ళ కుడిచేతి మీద ముయ్యాలి. ఆ తర్వాత లోకంలో చాలా సంఘాలు తమ ప్రార్థన పుస్తకాలు తిరగరాసుకున్నప్పుడు మన క్రమాన్ని ముందు పెట్టుకుని చూశాయి. ఎపిస్కోపల్ వాళ్ళ 1979 పుస్తకంలోకి ఈ సమాధానం రావడం వెనక మన దక్షిణ భారత సంఘం చెయ్యి ఉంది. మన దగ్గర నుంచి వెళ్ళినదాన్ని ఇక్కడ చూసి మనమే సిగ్గుపడి తల వంచుకుంటే ఎలా? వచ్చే ఆదివారం మీ వరసలో ఉన్న ముసలావిడ చేతిని రెండు చేతులతో పట్టుకోండి. మన ఇంట్లో పెద్దవాళ్ళ చేతులు ఎలా పట్టుకుంటామో అలా.

సరే, ఆరాధన అయింది. అయ్యగారు తలుపు దగ్గర నిలబడి అందరికీ చెయ్యి ఇస్తున్నారు. ఇప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. ఒకటి పార్కింగ్‌కి, ఒకటి పారిష్ హాల్‌కి. మనవాళ్ళలో చాలామంది పార్కింగ్ దారి పడతారు. ఎందుకు? "పిల్లలకి క్లాసులున్నాయి ఆంటీ", "సాయంత్రం తెలుగు కూడిక ఉంది, వంట చేసుకోవాలి." నిజమే, కాదనను. కానీ అసలు కారణం అది కాదు కదా? ఆ హాల్లో కాఫీ కప్పు పట్టుకుని ఎవరితో ఏం మాట్లాడాలో తెలీని టెన్షన్. అది నాకూ ఉండేది.

కాఫీ అవర్ అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. హాల్లో ఒక మూల పొడుగు బల్ల. దాని మీద పెద్ద కాఫీ పాత్ర, కేకు ముక్కలు, చీజ్, ఎవరో ఇంట్లో చేసి తెచ్చిన బిస్కెట్లు. గోడకి ఒక కాగితం అతికించి ఉంటుంది. ఆ కాగితం చూడండి, అదే ముఖ్యం. ఏ ఆదివారం కాఫీ ఎవరి వంతో అందులో రాసుకుంటారు. ఎప్పుడు చూసినా సగం గళ్ళు ఖాళీగానే ఉంటాయి. రాసినవే మూడు నాలుగు పేర్లు మళ్ళీ మళ్ళీ కనబడతాయి. ఆ నలుగురూ డెబ్బై దాటినవాళ్ళు. ఒకావిడకి కాఫీ పాత్ర నింపి ఎత్తడం కష్టం. అయినా తెల్లారే వచ్చి నింపుతుంది. ఎందుకంటే ఇంకెవరూ రారు.

ఇప్పుడు చెప్పండి, మీకు ఆ హాల్లో ఏం మాట్లాడాలో తెలీదు. మాట్లాడకండి. వెళ్ళి ఆ పాత్ర ఎత్తండి. "ఇది నేను తీసుకొస్తాను" అంటే చాలు, ఆవిడే మాట మొదలుపెడుతుంది. కుర్చీలు మడవండి, కప్పులు కడగండి. వంటగది సింకు దగ్గర పక్కపక్కనే నిలబడి గిన్నెలు కడిగేటప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి, ఇంగ్లీషు ఎలాంటిదైనా. మా ఊళ్ళో పెళ్ళికి వెళ్తే కొత్త కోడలు కూర్చుని ఉంటుందా? కూరలు తరిగే చోటికి వెళ్ళి కూర్చుంటుంది. చుట్టరికాలన్నీ ఆవిడకి అక్కడే తెలుస్తాయి. అంతే ఇది కూడా.

నా సంగతి చెబుతాను. నన్ను ఆ పారిష్‌లోకి తీసుకెళ్ళింది ఆల్టర్ గిల్డ్. బల్ల సిద్ధం చేసేవాళ్ళ జట్టు అది. శనివారం ఉదయం వస్తారు, ఎవరికీ కనబడరు, వెళ్ళిపోతారు. ఒక ఆదివారం ఒకావిడ నా దగ్గరకి వచ్చి "నీకు ఇస్త్రీ చెయ్యడం వచ్చా?" అంది. వచ్చు అన్నాను. "అయితే శనివారం రా" అంది. అంతే పిలుపు. నా విశ్వాసం ఏమిటి, ఏ దేశం, ఏ వీసా, ఏం చదివాను, ఒక్కటీ అడగలేదు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి, నాకు ఇష్టమైన విషయం. గిన్నె తుడిచే నార గుడ్డ ఉంటుంది, ప్యూరిఫికేటర్ అంటారు. ఒకరి తర్వాత ఒకరు గిన్నెలోనుంచి తాగుతారు కదా, ప్రతిసారీ అంచు తుడుస్తారు. ఆదివారం అయ్యేసరికి ఆ గుడ్డ మీద ద్రాక్షారసం మరకలు, లిప్‌స్టిక్ మరకలు. దాన్ని మెషిన్‌లో పడెయ్యరు. ముందు చన్నీళ్ళలో జాడిస్తారు. ఆ మొదటి నీళ్ళు మురుగు కాల్వలోకి పోకూడదు, నేల మీద పొయ్యాలి. ప్రభువు రక్తంగా పంచుకున్నది అందులో ఉంది కాబట్టి. కొన్ని పాత గుళ్ళలో దీనికోసమే వేరే తొట్టి ఉంటుంది, దాని గొట్టం నేరుగా మట్టిలోకి పోతుంది. తర్వాత లిప్‌స్టిక్ మరకని సబ్బు పెట్టి చేత్తో రుద్దుతారు. తడి ఆరకముందే ఇస్త్రీ చేస్తారు, గంజి పెట్టరు. మడత ఇటు మూడు, అటు మూడు. విప్పితే తొమ్మిది గళ్ళు. మధ్యలో చిన్న సిలువ కుట్టు పైకి కనబడాలి.

ఆ మడత నాకు నేర్పిన ఆవిడ మాటలు తక్కువ మనిషి. నేను మడిచింది చూసి విప్పేసేది, మళ్ళీ మడవమనేది. అలా శనివారాలు గడిచాయి. ఇద్దరం పక్కపక్కన ఇస్త్రీ చేస్తూ ఉండగానే ఆవిడ కొడుకు పోయిన సంగతి నాకు తెలిసింది. మా నాన్నగారు మా ఊరి గుడిలో గంట కొట్టేవారని ఆవిడకి తెలిసింది. ఆదివారం నాడు ఆ గుడ్డ అయ్యగారి చేతిలో చూస్తే, ఇది నేను మడిచింది అనిపిస్తుంది. ఆ రోజు నుంచి అది నా గుడి. నేను చెబుతున్నది ఇదే.

ఇక వెస్ట్రీ. గుడి వ్యవహారాలు చూడటానికి సంఘస్థులు ఎన్నుకునే కమిటీ, మన పాస్టరేట్ కమిటీ లాంటిదే. కానీ ఒక పెద్ద తేడా ఉంది, మనవాళ్ళు గమనించరు. మన దగ్గర అయ్యగారు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద వెళ్తారు. బిషప్పు గారి ఉత్తర్వు వస్తుంది, మనం దండ వేసి పంపిస్తాం, కొత్తవారికి దండ వేసి తెచ్చుకుంటాం. ఎపిస్కోపల్ పారిష్‌లో రెక్టార్, అంటే ఆ గుడి అయ్యగారు, వెళ్ళిపోతే, కొత్త రెక్టార్‌ని వెతుక్కోవలసింది ఆ సంఘమే. వెస్ట్రీ ఒక కమిటీ వేస్తుంది. ఆ కమిటీ సంఘస్థుల్ని అడుగుతుంది: మనం ఎవరం? మన బలం ఏమిటి? మనకి ఎలాంటి కాపరి కావాలి? అదంతా రాసి, దరఖాస్తులు చూసి, మాట్లాడి, బిషప్పు గారి సమ్మతితో పిలుస్తారు. చాలాచోట్ల ఏడాది పైనే పడుతుంది. అన్నాళ్ళూ గుడిని నిలబెట్టేది ఎవరు? వెస్ట్రీకి పెద్దలుగా ఉండే వార్డెన్లు, వెస్ట్రీ, కాఫీ పెట్టే ఆ నలుగురు. బాయిలర్ పాడైతే జూనియర్ వార్డెన్‌కి ఫోన్ వెళ్తుంది, పైకప్పు కారినా ఆయనకే.

తమ్ముళ్ళూ, మీలో ఇంజినీర్లున్నారు, అకౌంటెంట్లున్నారు. "మనం గ్రీన్‌కార్డు కూడా రానివాళ్ళం, మనల్నెవరు ఎన్నుకుంటారు?" అంటారు నాతో. పౌరసత్వం ఎవరూ అడగరు. మీరు ఆ సంఘ సభ్యులా, ఆరాధనకి వస్తున్నారా, సంఘానికి తోడ్పడుతున్నారా, ఇవి చూస్తారు. సంవత్సరానికోసారి, చాలాచోట్ల జనవరిలో, వార్షిక సభ జరుగుతుంది. బడ్జెట్ కాగితం అందరికీ పంచుతారు. కరెంటు బిల్లు ఎంత, జీతాలెంత, కానుకలెంత, అన్నీ అందులో ఉంటాయి. ఆ సభకి వెళ్ళండి. ఆ కాగితం చదవండి. సంఘం కష్టసుఖాలు ప్రసంగాల్లో కంటే అందులో బాగా తెలుస్తాయి.

కానుక మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా అమ్మ అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేది. మీ ఇళ్ళలో కూడా ఉండేది కదా? పిడికెడు బియ్యం. డబ్బు చేతిలో లేని ఆడవాళ్ళు కట్టిన గుళ్ళు మనవి. ఇక్కడికి వచ్చాక పారిష్ హాల్లో ఒక నీలం అట్టపెట్టె చూశాను. దేవునికి కృతజ్ఞత చెప్పాలనిపించినప్పుడల్లా అందులో ఒక నాణెం వేస్తారు. యునైటెడ్ థ్యాంక్ ఆఫరింగ్ అంటారు. స్త్రీలు మొదలుపెట్టింది. 1889లో మొదటిసారి పోగుచేసినప్పుడు రెండు వేల డాలర్ల పైచిలుకు వచ్చింది. దానితో అలాస్కాలో యాన్విక్ అనే చోట గుడి కట్టడానికి, జపాన్‌కి ఒక మిషనరీ సోదరిని పంపడానికి సాయం చేశారు. సంఘ సభల్లో స్త్రీలకి ఓటు లేని రోజులవి. జాతీయ మహాసభలో స్త్రీలు ప్రతినిధులుగా కూర్చున్నది 1970లో. ఓటు లేనప్పుడే వాళ్ళు గుళ్ళు కట్టారు. మా అమ్మ కుండ, ఈ నీలం పెట్టె, రెండూ చూసినదాన్ని నేను. ఈ స్త్రీలు, మా అమ్మ ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకుని ఉంటే మాట అక్కర్లేకుండానే అర్థమయ్యేది.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. ఎపిస్కోపల్ సంఘంలో అంతా మంచే జరిగిందని చెప్పడానికి నేను రాలేదు. ఫిలడెల్ఫియా ఇక్కడికి దగ్గరే. మీరు లిబర్టీ బెల్ చూడటానికి చుట్టాల్ని తీసుకెళ్తారు. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లలకి అబ్సలోమ్ జోన్స్ కథ చెప్పండి.

ఆయన 1746లో డెలావేర్‌లో బానిసగా పుట్టాడు. ఫిలడెల్ఫియాలో పగలు యజమాని పని, రాత్రి కూలి పని. అలా పోగేసిన డబ్బుతో ముందు భార్యని విడిపించాడు, పుట్టే పిల్లలు స్వతంత్రులుగా పుట్టాలని. తర్వాత 1784లో తన స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. 1787లో తన స్నేహితుడు రిచర్డ్ అలెన్‌తో కలిసి ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టాడు. జబ్బు చేసినవాళ్ళకి, విధవలకి, తండ్రి లేని పిల్లలకి సాయం చేసే సంఘం అది. వాళ్ళు వెళ్ళే సెయింట్ జార్జ్ మెథడిస్టు గుడిలో ఒక రోజు మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగా, ఇక్కడ కాదు, నల్లవాళ్ళ చోటికి పొండి అని లేవదీశారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా ఆగలేదు. వాళ్ళంతా లేచి బయటికి నడిచారు.

1793లో ఫిలడెల్ఫియాకి ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం వచ్చింది. ఊళ్ళో పదిమందిలో ఒకరు పోయారు. డబ్బున్నవాళ్ళు పారిపోయారు. అప్పుడు రోగుల దగ్గర కూర్చున్నది, శవాలు మోసింది జోన్స్, అలెన్, వాళ్ళ మనుషులు. నల్లవాళ్ళకి ఈ జబ్బు రాదు అని డాక్టర్లు చెప్పారు. అది తప్పు. వాళ్ళూ చనిపోయారు. తర్వాత దోచుకున్నారని వాళ్ళ మీదే నింద వేస్తే, ఇద్దరూ కలిసి లెక్కలతో సహా జవాబు రాసి అచ్చువేశారు.

1794లో వాళ్ళు కట్టుకున్న సెయింట్ థామస్ గుడి ఎపిస్కోపల్ సంఘంలో చేరింది. చేరేముందు షరతులు పెట్టారు: మమ్మల్ని ఒక సంఘంగానే తీసుకోవాలి, మా వ్యవహారాలు మేమే చూసుకుంటాం, అర్హత ఉంటే జోన్స్‌కి అభిషేకం ఇవ్వాలి. మరుసటి ఏడు ఆయన డీకన్ అయ్యాడు, తర్వాత ప్రీస్ట్ అయ్యాడు. ఈ సంఘంలో మొదటి నల్లజాతి గురువు ఆయనే. ఎంత సంతోషం! కానీ ఆగండి. ఆ గుడిని చేర్చుకున్న డయాసిస్, తన మహాసభలో కూర్చునే హక్కు మాత్రం ఆ గుడి ప్రతినిధులకి ఇవ్వలేదు. 1860లలో అమెరికా అంతర్యుద్ధం రోజుల దాకా, దాదాపు డెబ్బై ఏళ్ళు ఇవ్వలేదు. బల్ల దగ్గరకి రండి అన్నారు, నిర్ణయాల దగ్గరకి మాత్రం రావద్దన్నారు. ఇది సహవాసమా? మీరే చెప్పండి.

మన అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో అడిగింది కూడా ఇదే. తెల్ల మిషనరీలతో నిండిన సభ. అందులో నిలబడి, మీరు బీదలకి మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చబడటానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. అప్పటికి ఆయన బిషప్పు కాలేదు, వయసు ముప్పై ఆరు లోపే. ఆ మాట కొంతమందికి నచ్చలేదు. నచ్చకపోయినా అన్నారు. అందుకే నేను మన తెలుగువాళ్ళతో అంటున్నాను: చివరి వరసలో కూర్చుని, ఎవరూ పట్టించుకోలేదు అని ఇంటికొచ్చి అనుకోవద్దు. ఎదురుగా నిలబడి అడగండి. ఎపిస్కోపల్ మిత్రులు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళతోనూ అంటాను: మా పిల్లల ఫొటోలు మీ బోర్డు మీద పెడితే చాలదు, మా పేర్లు మీ వెస్ట్రీలో ఉండాలి.

మన కుటుంబాలు మెల్లగా, చాటుగా అడిగే ఇంకో ప్రశ్న ఉంది. 2015లో ఈ సంఘం స్వలింగ వివాహాలకి అనుమతి ఇచ్చింది. దాని మీద మీలో అందరూ ఒకే మాట మీద లేరు, నాకు తెలుసు. ఈ పారిష్‌లలో కూడా అందరూ ఒకే మాట మీద లేరు. కొన్ని గుళ్ళు ఈ గొడవల్లో విడిపోయాయి కూడా. ఈ విషయంలో మీ మనసు ఎటు ఉన్నా, ఆ పారిష్‌లో మీ పక్కన మోకరించినవాళ్ళ గురించి వాళ్ళ వెనక తేలిగ్గా మాట్లాడకండి. మా అమ్మకి జబ్బు చేసినప్పుడు నెలల తరబడి మాకు ఆదివారం భోజనం తెచ్చింది అలాంటి ఒక ఇంటివాళ్ళే. నేను మర్చిపోలేను.

అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ ఇండియా నుంచి మా దగ్గరకి వచ్చి ఉండగా మంచాన పడింది. గుడికి రాలేదు. ఎపిస్కోపల్ పారిష్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. ఆదివారం బల్ల మీది రొట్టె, ద్రాక్షారసం ఒక చిన్న పెట్టెలో పెట్టి, ఆరాధన ముగిసేముందు ఒకరిద్దరు సంఘస్థుల చేతికిచ్చి పంపిస్తారు. వాళ్ళు గురువులు కారు, మామూలు మనుషులు, దీనికోసం శిక్షణ పొందినవాళ్ళు. గుడి నుంచి తిన్నగా రోగి ఇంటికి వెళ్తారు. పంపేటప్పుడు సంఘమంతా కలిసి అనే మాట మీకు తెలిసిన వాక్యమే: రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము.

మా ఇంటికి వచ్చినాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. నేను అనువాదం చేద్దామని మధ్యలో నిలబడ్డాను. ఆయన పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికే అమ్మకి ఎక్కడున్నామో తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన క్రమం కదా. ఆయన ఇంగ్లీషులో, అమ్మ తెలుగులో. "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గర ఇద్దరూ కలిసి నడిచారు, చివర ఆమెన్ దగ్గర కలిశారు. నాకు అక్కడ పనే లేకపోయింది. అమ్మ ఆయన్ని "బాబూ" అని పిలిచేది. ఆయన వయసు డెబ్బై పైన! వెళ్ళేటప్పుడు తల మీద చెయ్యి పెట్టి దీవించేది. ఆయన వంగి నిలబడేవాడు. అమ్మ పోయాక సమాధి దగ్గర మట్టి వేసినవాళ్ళలో ఆయన ఉన్నాడు.

ఇలాంటి పారిష్‌లు చాలావరకు చిన్నవి. 1960ల మధ్యలో ఈ సంఘంలో 34 లక్షల మందికి పైగా ఉండేవాళ్ళు. ఇప్పుడు సుమారు 15 లక్షలు. సగానికి పైగా గుళ్ళలో ఆదివారం 50 మంది కూడా ఉండరు. మీరు వెళ్ళిన గుడిలో జనం తక్కువ, అంతా ముసలివాళ్ళు అని మీరు పెదవి విరుస్తారు. అమ్మా, ఆ ముసలివాళ్ళు తమ పిల్లలు రాని గుడిని ఇన్నేళ్ళుగా తుడిచి, దీపం పెట్టి, తలుపు తెరిచి ఉంచారు. ఎవరి కోసం ఉంచారు? ఎవరొస్తారో తెలీకుండానే ఉంచారు. వచ్చింది మనం. ఆ ఇంట్లోకి వచ్చి, ఏం పెట్టారు, ఎంతమందున్నారు అని లెక్కపెడతామా?

మన తెలుగు కూడిక మానెయ్యమని నేను అనడం లేదు. నేను మాననుగా! మన పాటలు మన నోటితో పాడుకోకపోతే నాకు వారం గడవదు. సాయంత్రం ఇది ఉండాలి. ఉదయం ఆ కాఫీ పాత్ర కూడా మన చేతుల్లో ఉండాలి.

ఆ సంఘంలో బాప్తిస్మం జరిగినప్పుడు అందరినీ నిలబెట్టి ఒక ప్రశ్న వేస్తారు. అపొస్తలుల బోధలోను, సహవాసంలోను, రొట్టె విరవడంలోను, ప్రార్థనలలోను కొనసాగుతావా? దానికి జవాబు: దేవుని సహాయంతో కొనసాగుతాను. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలోనిదే ఇది. ఆ జవాబు మనం కూడా ఇస్తున్నాం, పుస్తకం చూసి చదువుతున్నాం. అందులో సహవాసం మాట రెండోదే.

టైమైపోయిందని అయ్యగారు చూస్తున్నారు. పని సంగతులు చెప్పి ఆపుతాను. ఇండియా నుంచి వచ్చేటప్పుడు బాప్తిస్మం, కన్ఫర్మేషన్ పత్రాలు, మీ పాస్టరేట్ ఇచ్చిన ఉత్తరం తెచ్చుకోండి. మర్చిపోతే ఇంట్లోవాళ్ళతో ఫొటో తీయించి తెప్పించుకోండి. వాటిని రెక్టార్‌కి చూపించి, మా పేర్లు రిజిస్టర్‌లో రాయండి అని అడగండి. మీరు అడక్కపోతే, మీరు ఇంకా చూసి పోవడానికి వస్తున్నారనుకుంటారు. శరత్కాలంలో ప్లెడ్జ్ కార్డు ఇస్తారు, ఏడాదికి ఎంత ఇవ్వగలరో రాసి ఇవ్వాలి. స్టూడెంట్లు కూడా ఇవ్వండి, వారానికి అయిదు డాలర్లైనా సరే, రాసి ఇవ్వండి. వెస్ట్రీ బడ్జెట్ వేసుకునేది ఆ కార్డులు చూసే. ప్రార్థనల్లో ఇంటిదగ్గర జబ్బుపడ్డవాళ్ళ పేర్లు చదివించాలనుకుంటే ముందే ఆఫీసుకి చెప్పండి, ఎలా పలకాలో చదివేవాళ్ళకి ఒకసారి వినిపించండి. వాళ్ళు సంతోషంగా నేర్చుకుంటారు.

ఇందాక ఒక చెల్లెలు చీటీ పంపింది, కాఫీ అవర్‌కి పులిహోర తేవచ్చా అని. తీసుకురామ్మా. పల్లీలు వేశారని ఒక కాగితం మీద రాసి గిన్నె పక్కన పెట్టు, ఇక్కడ చాలామందికి పల్లీలు పడవు. మిరపకాయలు ఏరి పక్కన పెట్టు. కాగితం మీద నీ పేరు కూడా రాయి.